కొత్త సైలెన్సర్, కరిగిన బంపర్: వేడి ఏ దారిన వస్తోంది?

కోడికొండ చెక్‌పోస్ట్ దాటాక టీకి ఆగాం. కారు దిగగానే ముందు వాసన తగిలింది. పొయ్యి మీది గిన్నెకి ప్లాస్టిక్ కవరు అంటుకుంటే వస్తుందే, అదే వాసన. వెనక్కి వెళ్లి వంగి చూస్తే, సైలెన్సర్ గొట్టం పైన బంపర్ అంచు నెలవంకలా లోపలికి ముడుచుకుపోయి ఉంది. దాని పైన జానెడు మేర పెయింట్ నూనెలో వేసిన అప్పడంలా పొంగింది. కారు మా బావమరిదిది. బెంగళూరులో ఫ్రీ ఫ్లో సైలెన్సర్, అంటే పొగ అడ్డు లేకుండా తిన్నగా పోయే రకం, పెట్టించి సరిగ్గా పదకొండు రోజులు. హెబ్బాళ ఫ్లైఓవర్ ఎక్కిన దగ్గర్నుంచి "ఏం బేస్ బావా!" అని మురిసిపోతూనే వచ్చాడు.

పెట్టిన వర్క్‌షాప్‌కి అక్కణ్నుంచే ఫోన్ చేశాడు. "వేడి తగిలింది సార్, హీట్ షీల్డ్ వేసేస్తే అయిపోతుంది" అన్నారు. వేడి తగిలిందన్నది నిజమే. కానీ అది 'జ్వరం వచ్చింది' అనడం లాంటి మాట. ఏ జ్వరమో తెలియకుండా మందు వేస్తే తగ్గొచ్చు, తగ్గకపోవచ్చు.

గొట్టం నుంచి బంపర్‌కి వేడి మూడు దారుల్లో వస్తుంది. గొట్టం నేరుగా ప్లాస్టిక్‌కి తగలడం ఒకటి. బయటికొచ్చిన పొగ పైకి లేచి అంచుని ఉడికించడం ఇంకొకటి. మూడోది సెగ: కాలిన పెనానికి బెత్తెడు దూరంలో చెయ్యి పెట్టినా చురుక్కుమన్నట్టు, ఎక్కడా తగలకుండానే సైలెన్సర్ డబ్బా బంపర్ లోపలి వైపుని కాల్చడం. బళ్లో ఉష్ణవహనం, సంవహనం, వికిరణం అని బట్టీ పట్టినవే ఇవి. ఒక్కోదానికి మందు వేరు. షీల్డ్ అంటే వేడిని అడ్డుకునే రేకు, అది గట్టిగా పనిచేసేది మూడోదానికి. మొదటిదానికి దాదాపు పనికిరాదు.

బంపర్ ఎంత వేడికి లొంగుతుంది

మామూలు కార్ల బంపర్లలో ఎక్కువ భాగం పాలీప్రొపిలీన్. గుద్దుకుంటే పగలకుండా అందులో కాస్త రబ్బరు, బిగువుకి టాల్క్ పొడి కలుపుతారు. బంపర్ విప్పినప్పుడు లోపలి వైపు చూస్తే 'పీపీ+ఈపీడీఎం-టీడీ20' లాంటి ముద్ర ఉంటుంది. పీపీ అంటే పాలీప్రొపిలీన్, ఈపీడీఎం అంటే ఆ రబ్బరు, ఆ 20 అంటే నూటికి ఇరవై పాళ్లు టాల్క్ అని. పాలీప్రొపిలీన్ కరిగేది 160 డిగ్రీల సెల్సియస్ దాటాక. ఈ అంకె చూసి చాలామంది ధైర్యం తెచ్చుకుంటారు. కానీ ఆకారం చెడిపోవడానికి కరగక్కర్లేదు, మెత్తబడితే చాలు. 80 నుంచి 100 డిగ్రీల మధ్యే అది మెత్తబడుతుంది.

దీనికి ల్యాబ్ అవసరం లేదు. బంపర్‌కి సొట్ట పడితే మరిగే నీళ్లు పోసి లోపలి నుంచి తోసే వీడియోలు అందరూ చూసే ఉంటారు. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది కాబట్టి ఇక్కడ నీళ్లు 97 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. ఆ కాసిని నీళ్లే సొట్ట తీయగలుగుతున్నాయంటే, అదే వేడి రోజూ గంటసేపు తగిలితే సొట్ట పెట్టగలదు కూడా. క్లిప్పులు, బ్రాకెట్లు బంపర్‌ని ఎప్పుడూ ఏదో ఒక వైపు లాగుతూనే ఉంటాయి. మెత్తబడగానే అది అటే సాగి, చల్లారాక ఆ వంకరలోనే గట్టిపడుతుంది.

బంపర్ కింది అంచున ఉండే డిఫ్యూజర్ అనే నల్ల ముక్క, క్రోమ్ పట్టీలాంటివి చాలా కార్లలో ఏబీఎస్ ప్లాస్టిక్. దాని హద్దు 105 డిగ్రీల దగ్గర. రివర్స్ సెన్సర్లు మామూలుగా 85 డిగ్రీల దాకా తట్టుకునేలా చేస్తారు. వాటికి వెళ్లే వైర్ల మీది తొడుగు కూడా చిన్న ప్రాణమే. అందుకే కొన్ని కార్లలో బంపర్ బయటికి బాగానే కనిపిస్తూ సెన్సర్ ముందు మొరాయిస్తుంది. వెనక ఏమీ లేకపోయినా కుయ్ కుయ్ అంటుంది. ఈ సెన్సర్లు ధ్వనిని పంపి, అది తిరిగొచ్చే సమయాన్ని బట్టి దూరం లెక్క కడతాయి. ధ్వని వేగం గాలి వేడిని బట్టి మారుతుంది కాబట్టి, సెన్సర్ ముందు నుంచి వేడి పొగ పోతున్నా దాని లెక్క తప్పొచ్చు. కొత్త సైలెన్సర్ పెట్టిన వారానికి సెన్సర్ పిచ్చిగా అరవడం మొదలైతే, సెన్సర్ మార్చేముందు కింద వంగి చూడటం మంచిది.

మరి అవతలి పక్షం? టర్బో పెట్రోల్ ఇంజిన్‌ని గట్టిగా తొక్కినప్పుడు ఇంజిన్ నుంచి బయటికొచ్చే వాయువు వేడి 700 నుంచి 900 డిగ్రీల దాకా పోతుంది. దారిలో గొట్టం, పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్, సైలెన్సర్ తలా కాస్త వదిలించుకుంటూ రాగా, ఊళ్లో నెమ్మదిగా తిరిగే కారు చివరి గొట్టం దగ్గరికి వచ్చేసరికి అది చాలా తగ్గిపోతుంది. హైవే మీద గంటసేపు ఉతికితే మాత్రం అదే చివర 200, 300 డిగ్రీల లెక్కలోకి వస్తుంది. పైగా నల్ల బంపర్ మధ్యాహ్నం ఎండలోనే 60 డిగ్రీలు ఎక్కి కూర్చుంటుంది. మనకి మిగిలిన జాగా ఎంతో చూసుకోండి.

బెంగళూరు తెలుగువాళ్ల శుక్రవారం ప్రయాణానికి ఇక్కడే చిక్కు. ఊరు దాటేదాకా నత్తనడక, దేవనహళ్లి దాటాక పరుగు, బాగేపల్లి టోల్ దగ్గర హఠాత్తుగా ఆగడం. పరిగెత్తేటప్పుడు కింద గాలి ఈడ్చుకుపోతుంది కాబట్టి బంపర్ ఎలాగోలా బతుకుతుంది. ఆగిన నిమిషంలో గాలి ఆగిపోతుంది, ఇనుములో నిండిన వేడి మాత్రం ఎక్కడికీ పోదు. నెమ్మదిగా పైకి లేచి నేరుగా బంపర్ కింద చేరుతుంది. మా వాసన కూడా టోల్ దాటిన కాసేపటికే వచ్చింది మరి.

ముందు మచ్చని చదవాలి

జేసీ రోడ్ పక్క సందులో మదనపల్లె మెకానిక్ ఒకాయన ఉన్నాడు. ముప్పై ఏళ్లుగా సైలెన్సర్ పనే. కారు లిఫ్ట్ మీద ఎక్కించాక కరిగిన చోటు వైపు వెంటనే చూడలేదు. గొట్టం పైభాగాన్ని గుడ్డతో తుడిచి వేలితో రాశాడు. వేలికి నల్లటి గరుకు ముక్క తగిలింది. "చూడన్నా, ప్లాస్టిక్ గొట్టానికి అతుక్కోని ఉండాది. ఇది సెగ పని గాదు, తగిలింది" అన్నాడు. తర్వాత టార్చి వేసి బంపర్ లోపలి వైపు చూసి, "ఇంకా రెండు జబ్బులు కూడా ఉండాయి" అన్నాడు.

తగిలి కాలిన మచ్చ గొట్టం వంపుకి సరిపోతుంది, అచ్చు గుద్దినట్టు ఉంటుంది. అంచులు పదునుగా ఉంటాయి, చుట్టూ పెయింట్ గీసుకుపోయి ఉంటుంది, చాలాసార్లు ఒక్క పక్కే ఉంటుంది. పొగ వల్ల వచ్చింది అలా కాదు. గొట్టం నోటి నుంచి పైకి విసనకర్రలా విచ్చుకుంటుంది. మసి ఉంటుంది, తెల్ల కారైతే ముందు పసుపు రంగు తిరుగుతుంది, తర్వాత బుడగలు. సెగ దెబ్బ ఇంకా టక్కరిది. బయట రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది, కానీ పక్క నుంచి చూస్తే బంపర్ మీద పడే ట్యూబ్‌లైట్ నీడ అలలా వంకర్లు పోతుంది. చోటు కూడా గొట్టం నోటి దగ్గర కాకుండా సైలెన్సర్ డబ్బాకి ఎదురుగా ఉంటుంది. లోపల తడిమితే అక్కడ ప్లాస్టిక్ మిగతా చోట కంటే నున్నగా, మెరుస్తూ ఉంటుంది.

మా కారులో మూడూ కలిశాయి. అందుకే పదకొండు రోజుల్లో పని ముగించింది.

ఫ్రీ ఫ్లో పెట్టాక ఏం మారుతుంది

కంపెనీ సైలెన్సర్ లోపల గదులు గదులుగా ఉంటుంది. వాయువు ఒక గదిలోంచి ఇంకో గదిలోకి తిరిగి తిరిగి వస్తుంది. ఆ తిరుగుడు శబ్దం కోసమే అయినా, ఆ లెక్కన వేడి కూడా పెద్ద డబ్బా ఒంటికి పంచుకుపోతుంది. ఫ్రీ ఫ్లోలో అయితే చిల్లుల గొట్టం ఒకటి తిన్నగా ఈ చివర నుంచి ఆ చివరకి పోతుంది, చుట్టూ గ్లాస్ ఊల్ కూరి ఉంటుంది. దూది కొత్తగా ఉన్నన్నాళ్లు డబ్బా ఒళ్లు అంతగా కాలదు, వాయువు మాత్రం వేడిని పెద్దగా వదలకుండానే బయటికొస్తుంది. అంటే బాధ గొట్టం నోటి దగ్గరికి జరిగింది. రెండు మూడేళ్లకి ఆ దూది కాలి, ఊడి బయటికి పోయాక శబ్దం బొంగురుపోతుంది, డబ్బా కూడా కాలడం మొదలవుతుంది. అప్పటిదాకా బాగున్న బంపర్ ఒక ఎండాకాలం ఉన్నట్టుండి అలలు తిరిగితే కారణం ఇదే అయ్యుండొచ్చు. సైలెన్సర్ మొత్తం తీసేసి ఉత్త గొట్టం వేయించుకునే వాళ్ల సంగతి చెప్పక్కర్లేదు.

దీనికి తోడు పాప్స్ అండ్ బ్యాంగ్స్ అని ఒక సరదా వచ్చింది. కాలు తీసినప్పుడు టపటపమని పేలాలని ఈసీయూ రీమ్యాప్ చేయిస్తారు, అంటే ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్‌లోని లెక్కలు మార్పిస్తారు. ఆ పేలుడు ఇంజిన్‌లో మండాల్సిన పెట్రోల్ గొట్టంలో మండటమే. ఒక్కోసారి మంట నోటి దాకా వస్తుంది. ఆ కారుకి ఎన్ని షీల్డులు వేసినా నా మాట ఒక్కటే, ముందు ఆ మ్యాప్ తీయించండి.

డీజిల్ కార్లలో ఇంకో కోణం ఉంది. బీఎస్6 డీజిల్ బండ్లలో మసిని పట్టే ఫిల్టర్ అప్పుడప్పుడు తనను తాను 600 డిగ్రీల దగ్గర కాల్చుకుని శుభ్రం చేసుకుంటుంది. అది మనకి చెప్పి చేయదు. కంపెనీవాడు ఆ వేడి లెక్క వేసుకునే చాలా మోడళ్లలో గొట్టం చివరను బంపర్ కిందే ఉంచి నేల వైపు వంచుతాడు. బంపర్‌లో కనిపించే మెరుపు గొట్టాలు ఉత్త డమ్మీలు, క్రోమ్ పూసిన ఏబీఎస్. ఆ డమ్మీల్ని కోసి 'ఒరిజినల్' గొట్టం అందులోంచి లాగించాలని చూసేవాళ్లు ఉన్నారు. ఆ కన్నం చుట్టూ ఉన్నదంతా వేడి తగులుతుందని అనుకోకుండా చేసిన ప్లాస్టిక్ అన్న సంగతి తర్వాత తెలుస్తుంది.

గ్యాప్ లెక్క

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. నేను చూసినంతలో ఎక్కువ బంపర్లు కాలడానికి కారణం వేడి ఎక్కువవడం కంటే జాగా తక్కువవడం. మా కారులో పాత గొట్టం బయటి కొలత రెండున్నర అంగుళాలు, అంటే 63 మిల్లీమీటర్లు. బావమరిది ముచ్చటపడి పెట్టించుకున్న టిప్, అంటే గొట్టం చివర కనిపించే మూతి, నాలుగు అంగుళాలు, 101 మిల్లీమీటర్లు. బంపర్ కోత మాత్రం పాతదే. తేడా 38, సగం చేస్తే 19. అంటే అన్ని వైపులా 19 మిల్లీమీటర్ల గాలి పోయింది. కంపెనీవాడు పైన 25 మిల్లీమీటర్లు వదిలాడనుకుంటే ఇప్పుడు మిగిలింది 6. చిటికెన వేలు కూడా దూరదు.

ఆ 6 కూడా కారు చల్లగా ఉన్నప్పటి మాట. కాలితే ఇనుము సాగుతుంది. మోడిఫికేషన్ గొట్టాలు ఎక్కువగా 304 రకం స్టెయిన్‌లెస్ స్టీల్, మెరుపు బాగా నిలుస్తుందని. ఈ 304 మామూలు ఇనుము కంటే దాదాపు ఒకటిన్నర రెట్లు సాగుతుంది. రెండు మీటర్ల గొట్టం సగటున 250 డిగ్రీలు వేడెక్కితే ఎనిమిది, తొమ్మిది మిల్లీమీటర్లు పెరుగుతుంది. ముందు చివర ఇంజిన్‌కి బోల్టు వేసి ఉంది కాబట్టి ఆ పెరుగుదల అంతా వెనక్కే రావాలి. గొట్టంలో వంపులు ఉంటే వెనక్కి మాత్రమే కాదు, పక్కకి, పైకి కూడా తిరుగుతుంది. చల్లగా ఉన్నప్పుడు సరిగ్గా నడిమధ్యన కూర్చున్న టిప్ బాగేపల్లి చేరేసరికి ఓ మూలకి ఒరిగేది ఇందుకే.

ఇంకో ఊపు ఇంజిన్ నుంచి వస్తుంది. మన చిన్న కార్లలో ఇంజిన్ అడ్డంగా ఉంటుంది కాబట్టి యాక్సిలరేటర్ తొక్కి వదిలినప్పుడల్లా అది ముందుకీ వెనక్కీ ఊగుతుంది. మధ్యలో ఫ్లెక్స్ గొట్టం, అంటే అటూ ఇటూ వంగే ముక్క, ఉంటే ఆ ఊపు అక్కడే ఆగిపోతుంది. అది తీసేసి తిన్నగా వెల్డింగ్ కొట్టేస్తే నేరుగా టిప్ దాకా వస్తుంది. ఇంజిన్ మౌంటింగ్‌లు అరిగిన పాత కారైతే ఇంకా ఎక్కువ.

వెనక సీట్లో ముగ్గురు కూర్చుంటే గొట్టం బంపర్‌కి తగులుతుందేమో అని కొందరికి టెన్షన్. దానికి భయపడక్కర్లేదు. గొట్టమూ బంపరూ రెండూ బాడీకే వేలాడుతున్నాయి, దిగితే కలిసే దిగుతాయి. హంప్ తగిలి గొట్టం కింద గీసుకుంటే మాత్రం అది పైకీ వెనక్కీ జరుగుతుంది. మన ఊళ్లో హంపులకి కొదవ లేదు కదా. ఒకసారి గట్టిగా తగిలిన శబ్దం వచ్చిందంటే ఆ సాయంత్రమే గ్యాప్ చూసుకోవాలి.

మదనపల్లె ఆయన కొలత సింపుల్. పైన రెండు వేళ్లు పక్కపక్కన దూరాలి, పక్కలకి ఒక బొటనవేలు, కింద ఎంత ఉన్నా పర్వాలేదు. వేడి పైకి పోతుంది కాబట్టి పైన ఎక్కువ. మిల్లీమీటర్లలో చెప్పాలంటే పైన 30, పక్కలకి 25. ఇది చల్లగా ఉన్నప్పుడు. తర్వాత కారుని అరగంట గట్టిగా తిప్పుకొచ్చి, గ్లౌజులు వేసుకుని మళ్లీ చూడాలి. చాలామంది ఈ రెండో కొలత తీయరు, వర్క్‌షాపులు అసలే తీయవు. మంచి పనివాడు చివరి జాయింట్‌ని ముందు ట్యాకింగ్, అంటే చుక్క వెల్డింగ్, పెట్టి వదులుతాడు. ఒక రౌండ్ తిప్పుకొచ్చాక టిప్ ఎటు జరిగిందో చూసి, దానికి తగ్గట్టు సర్ది, అప్పుడు ఫుల్ వెల్డింగ్ చేస్తాడు. వెల్డింగ్ బదులు క్లాంపు వేస్తే ఇంకా మేలు, ఎప్పుడైనా సర్దుకోవచ్చు. కారు మీదే వెల్డింగ్ చేస్తుంటే బ్యాటరీ నెగటివ్ తీయించండి, బంపర్ విప్పించండి. నిప్పురవ్వల మచ్చల్ని తర్వాత సైలెన్సర్ మీదికి తోయడం నేను చూశాను.

వేలాడదీసే రబ్బర్ల గురించి ఒక్క మాట. కొత్త సైలెన్సర్ బరువు మారింది, రబ్బర్లు మాత్రం ఐదేళ్ల నాటివి. పగుళ్లు వచ్చి సాగిన రబ్బరు ఉంటే గ్యాప్ లెక్కలన్నీ నీళ్ల మీది రాతలే. బిగువుగా ఉంటాయని ఎర్రటి పాలీయురెథేన్ రబ్బర్లు అమ్ముతారు. అవి బిగువే గానీ వేడికి మామూలు ఈపీడీఎం రబ్బరంత కూడా ఓర్చుకోవు. వేడి ఎక్కువ ఉన్న చోట సిలికాన్ రబ్బరు మంచిది.

టిప్ ఎంత బయటికి ఉండాలన్నది ఇంకో గొడవ. మా వాడికి టిప్ బంపర్ అంచుకి ఒక అంగుళం లోపలే ఆగిపోయింది, మార్పులేమీ కనబడకుండా మామూలు కారులా ఉండే 'స్లీపర్ లుక్' కోసమట. కారు పరిగెత్తేటప్పుడు వెనక గాలి పలచబడి ఒక ఖాళీ ఏర్పడుతుంది. పొగ దూరంగా పోకుండా ఆ ఖాళీలోకే సుడి తిరిగి బంపర్‌ని నాకుతుంది. లోపలే ఆగిన టిప్ ఆ పొగని నేరుగా ప్లాస్టిక్ గూట్లోకి వదులుతుంది. ఒకటి, రెండు సెంటీమీటర్లు బయటికి ఉంటే చాలు. మరీ బయటికొస్తే డిక్కీ తీసేవాళ్ల కాళ్లు కాలతాయి.

షీల్డు, ర్యాపు, టేపు

గ్యాప్ సరిచేశాకే వీటి వంతు. సెగ సంగతి కాస్త లెక్కగా తెలుసుకుంటే డబ్బులు మిగులుతాయి. వేడి వస్తువు వెదజల్లే సెగ దాని ఉష్ణోగ్రత నాలుగో ఘాతంతో పెరుగుతుందని యోసెఫ్ స్టెఫాన్ 1879లోనే చెప్పాడు, కెల్విన్ లెక్కలో. 200 డిగ్రీల సెల్సియస్ డబ్బా 300కి చేరితే సెగ రెట్టింపు దాటిపోతుంది. అందుకే 'నిన్నటిదాకా బాగానే ఉందే' అన్న మాటకి అర్థం లేదు.

రంగు కూడా ముఖ్యమే. మెరిసే స్టీలు సెగ తక్కువ చిమ్ముతుంది, నల్లబడిన స్టీలు దానికి కొన్ని రెట్లు చిమ్ముతుంది. మ్యాట్ బ్లాక్ సైలెన్సర్ చూడటానికి బాగుంటుంది, బంపర్‌కి మాత్రం అది అంత మంచి పొరుగు కాదు.

అల్యూమినియం షీల్డ్ చేసే పని ఆ సెగని అద్దంలా తిప్పికొట్టడం. దానికి ముందూ వెనకా గాలి ఉండాలి. బంపర్‌కి అంటించేసిన షీల్డ్ కాసేపు కాస్తుంది, తర్వాత తానే వేడెక్కి ఆ వేడిని ప్లాస్టిక్‌కి అప్పజెబుతుంది. చిన్న స్పేసర్లు పెట్టి బంపర్‌కి ఒక సెంటీమీటర్ ఎడంగా నిలబెట్టాలి. పైభాగం మూసేయకూడదు, వేడి గాలి పైకి పోయే దారి ఉండాలి. అన్నిటికంటే ముందు, కంపెనీ ఇచ్చిన పాత షీల్డ్ ఏమైందో అడగండి. మా కారుది కొత్త లావు డబ్బాకి అడ్డం వస్తోందని తీసి పారేశారట. బోల్టు తుప్పు పట్టి గలగలమంటోందని పీకేసే వాళ్లూ ఉన్నారు. శివాజీనగర్ గుజరీలో అదే మోడల్‌ది వెతికి, కాస్త వంచి, పెద్ద వాషర్లు వేసి బిగించాడు మా మెకానిక్. కొత్త షీల్డ్ ధరలో నాలుగో వంతు కూడా కాలేదు.

ర్యాప్ దగ్గర చాలామంది బోల్తా పడతారు. గొట్టానికి గ్లాస్ ఫైబర్ పట్టీ చుడితే ఒళ్లు చల్లగా ఉంటుంది, నిజమే. మరి ఆ వేడి ఎక్కడికి పోయింది? ఎక్కడికీ పోలేదు, వాయువులోనే ఉండిపోయింది. ముందు నుంచి వెనక దాకా గొట్టం అంతా చుట్టేస్తే, దారిలో వదిలించుకోవాల్సిన వేడినంతా మోసుకుని వాయువు టిప్ దగ్గరికి వస్తుంది. ఫ్లాస్కులో పోసిన కాఫీ లాంటిదే. బంపర్‌ని కాపాడాలని చుట్టిన పట్టీ బంపర్ దగ్గరే ఎక్కువ వేడిని దింపుతుంది. చుట్టాల్సి వస్తే ప్లాస్టిక్‌కి దగ్గరగా పోయే ఆ జానెడు ముక్కకే చుట్టాలి. వానాకాలంలో అది నీళ్లు పీల్చి పట్టుకుంటుంది కాబట్టి మామూలు ఇనుప గొట్టమైతే లోపల్లోపల తుప్పు తింటుంది. గొట్టం చివరికైతే ర్యాప్ కంటే రెండు పొరల టిప్ నయం. లోపలి గొట్టానికీ బయటి గొట్టానికీ మధ్య గాలి ఉండటం వల్ల బయటి ఒళ్లు అంతగా కాలదు.

బంగారు రంగు టేపు సెగని తిప్పికొట్టడానికి బాగానే పనిచేస్తుంది, మురికి పట్టనంతవరకు. తగిలే చోట వేస్తే దండగ. ఇక సెరామిక్ కోటింగ్ అన్న మాట విని మోసపోకండి. గొట్టాలకి పూసే సెరామిక్ వేరు. వీధికొకటి వెలిసిన డీటెయిలింగ్ షాపుల్లో పెయింట్ మెరుపు కోసం పూసే సెరామిక్ వేరు. రెండోది బంపర్‌ని వేడి నుంచి కాపాడదు.

కొలిచేవాళ్లకి ఒక హెచ్చరిక

ఎస్పీ రోడ్‌లో దొరికే ఇన్‌ఫ్రారెడ్ గన్‌తో టిప్‌ని కొలిచి '90 డిగ్రీలే ఉంది' అని నిశ్చింతగా ఉండేవాళ్లని చూశాను. ఆ గన్ వస్తువు చిమ్మే సెగని బట్టి లెక్క కడుతుంది. మామూలుగా దాని సెట్టింగ్ మ్యాట్ నలుపు లాంటి ఉపరితలానికి ఉంటుంది. మెరిసే స్టీలు సెగ తక్కువ చిమ్ముతుంది కాబట్టి గన్ చాలా తక్కువ చూపిస్తుంది. గొట్టం మీద రూపాయి బిళ్లంత మేర వేడిని తట్టుకునే నల్ల పెయింట్ కొట్టి, ఆ చుక్క మీద కొలవండి. బంపర్ ప్లాస్టిక్ మీద మాత్రం గన్ నమ్మదగ్గ అంకె చూపిస్తుంది, మనకి కావాల్సింది కూడా అదే. ఆగిన ఐదు నిమిషాలకి అంచు దగ్గర 70 దాటుతుంటే నేనైతే ఊరుకోను.

గన్ లేకపోతే స్టీలే చెబుతుంది. 304 స్టీలు 300 డిగ్రీల దగ్గర లేత గడ్డి రంగుకి తిరుగుతుంది, నీలం రావాలంటే 500 దాటాలి. బంపర్ కింద గొట్టం నీలంగా మారిందంటే ఇంక వేరే కొలత అక్కర్లేదు. షాపులోనే నీలం రంగు తెప్పించి అమ్మే టిప్‌లకి ఈ లెక్క వర్తించదు.

అలవాట్లలో మార్చుకోవాల్సినవి చిన్నవే. గట్టి పరుగు తర్వాత చివరి రెండు కిలోమీటర్లు నెమ్మదిగా రావడం. అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో గోడకి వెనక భాగం ఆనించినట్టు పార్క్ చేసి, ఏసీ కోసం ఇంజిన్ ఆన్‌లో ఉంచి ఫోన్లో మునిగిపోకపోవడం. ఆ గోడ పొగనంతా తిరిగి బంపర్ మీదికే కొడుతుంది. ఇంకోటి, ఇంటికి రాగానే కారు మీద కవర్ కప్పేయకపోవడం.

చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన అసలు వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 సవరణతో వచ్చిన 182ఏ(4) ప్రకారం యజమానికి ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. శబ్దం, పొగ హద్దు మీరితే 190(2) కింద 10,000 దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు కూడా ఉన్నాయి, లైసెన్స్ మూడు నెలలు పోతుంది. మార్పుల సంగతి ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పకపోతే కరిగిన బంపర్ ఖర్చు మన జేబులోంచే పోవచ్చు.

మా వాడి కారు చివరికి ఇలా తేలింది. నాలుగంగుళాల టిప్ పోయి మూడంగుళాల రెండు పొరల టిప్ వచ్చింది, బంపర్ అంచుకి సెంటీమీటరున్నర బయటికి. వెనక రబ్బర్లు రెండూ కొత్తవి, గుజరీ షీల్డ్ ఒకటి. కరిగిన అంచుని వేడి నీళ్లతో సరిచేయబోతే ఆకారం కొంత వచ్చింది, పెయింట్ మాత్రం పెళ్లలు పెళ్లలుగా లేచిపోయింది. టింకరింగ్ షాపులో ప్లాస్టిక్ వెల్డింగ్ చేసి, పాలీప్రొపిలీన్‌కి రంగు పట్టేందుకు వేరే ప్రైమర్ కొట్టి పెయింట్ వేశారు. ఆ ప్రైమర్ లేకుండా కొడితే ఆరు నెలల్లో పొట్టు లేస్తుంది, బిల్లులో అది ఉందో లేదో అడిగి చూసుకోవాలి. చల్లగా కొలిస్తే పైన 31 మిల్లీమీటర్లు, హిందూపురం దాకా వెళ్లి రాగానే కొలిస్తే 26. మూడు నెలల తర్వాత కొత్త రబ్బర్లు సర్దుకున్నాక మళ్లీ చూశాం. ఎడమ పక్క 4 మిల్లీమీటర్లు జారింది. క్లాంపు వదులు చేసి సర్దడానికి పది నిమిషాలు పట్టింది.